బొండకొయ్య, కోదండం, బెత్తం: బడి శిక్షల చరిత్రలో కులం

బడిలో పిల్లల్ని కొట్టొచ్చా, కూడదా అనే చర్చ మన దగ్గర పాతదే. ఎక్కడో ఒక బడిలో దెబ్బలకు పిల్లవాడి చెయ్యి విరిగినప్పుడో, ప్రాణం పోయినప్పుడో అది పత్రికల్లోకి ఎక్కుతుంది. నాలుగు రోజులు నడుస్తుంది. ఒక పక్క "మొక్కై వంగనిది మానై వంగునా" అనేవాళ్ళుంటారు. మేం దెబ్బలు తిన్నాం కాబట్టే ఇంతవాళ్ళమయ్యాం, ఇప్పటి పిల్లలకు భయమూ లేదు భక్తీ లేదు అంటారు. ఇంకో పక్క బాలల హక్కుల గురించి, పిల్లల మనస్తత్వం గురించి చదువుకున్నవాళ్ళుంటారు. కొడితే చదువు రాదు, చదువంటే భయం వస్తుంది అంటారు. మేము ఈ రెండో పక్షంతోనే ఉన్నాం. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

అయితే ఈ రెండు పక్షాలకూ ఒక పోలిక ఉంది. రెంటి దృష్టిలోనూ బడిలో ఉన్నది ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి. అంతే. ఆ ఉపాధ్యాయుడు ఏ వీధి నుంచి వచ్చాడు, ఆ విద్యార్థి ఏ వాడ నుంచి వచ్చాడు అన్న ప్రశ్న చర్చలోకి రాదు. బెత్తానికి కులం లేదన్నట్టు మాట్లాడతారు. బెత్తం చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇది. మన సమాజంలో చదువు చుట్టూ మొదటినుంచీ రెండు రకాల శిక్షలున్నాయి. ఒకటి బడి లోపలి పిల్లవాణ్ణి దారిలో పెట్టడానికి. రెండోది కొన్ని కులాలవాళ్ళను చదువు దరిదాపులకు రానివ్వకుండా ఆపడానికి. మాల మాదిగ పిల్లలు బడిలో అడుగుపెట్టాక ఈ రెండూ ఒకే బెత్తంలో కలిసిపోయాయి. ఇవాళ్టి చట్టం మొదటి శిక్షను గుర్తుపట్టగలుగుతున్నది. రెండోదాన్ని గుర్తుపట్టలేకపోతున్నది.

శాస్త్రంలో రెండు దండనలు

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో శిష్యుణ్ణి కొట్టే విధానం ఉంది. భార్య, కొడుకు, దాసుడు, శిష్యుడు, తమ్ముడు తప్పు చేస్తే తాడుతోగానీ వెదురుబద్దతోగానీ కొట్టవచ్చునంటుంది. కానీ వీపు మీదే కొట్టాలి, తల మీద కొట్టరాదు. ఆ కట్టు దాటి కొట్టినవాడికి దొంగతనం చేసినంత దోషం అంటుంది. అంటే ఇక్కడ కొట్టేవాడికి అధికారమూ ఉంది, హద్దూ ఉంది. దెబ్బ తినే శిష్యుడు తమ ఇంటివాడు, తమ కులంవాడు. వాడు పాడైపోకూడదు. రేపు వాడే గురువు కావాలి.

ఇప్పుడు గౌతమ ధర్మసూత్రం చూడండి. శూద్రుడు కావాలని వేదం వింటే వాడి చెవుల్లో తగరం, లక్క కరిగించి పొయ్యాలంటుంది. పలికితే నాలుక కొయ్యాలంటుంది. గుర్తు పెట్టుకుంటే శరీరాన్ని చీల్చాలంటుంది. ఇక్కడ వీపూ తలా అనే విచక్షణ లేదు, హద్దు లేదు. పాఠం రానందుకు కాదు ఈ శిక్ష, పాఠం చెవిన పడ్డందుకు. వినే చెవి, పలికే నాలుక, గుర్తుంచుకునే ఒళ్ళు, అంటే చదువు ఎక్కడెక్కడ నిలుస్తుందో సరిగ్గా అక్కడే దెబ్బ.

ఈ రాతలు ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే చర్చ. ఏకలవ్యుడి బొటనవేలి గురించి మన రచయితలు చాలా రాశారు, మేము మళ్ళీ చెప్పనక్కరలేదు. మాకు కావలసింది ఆ ఆలోచన. లోపలివాడి ఒళ్ళు దిద్దవలసిన ఒళ్ళు. బయటివాడి ఒళ్ళు ఆపవలసిన ఒళ్ళు. శూద్రుడి గతే ఇదైతే, ఊరి బయట ఉంచబడ్డ వాడ సంగతి ఆ గ్రంథకర్తలకు చదువు ప్రస్తావనలోకే రాలేదు.

1816, 1823

ఈ రెండు ఒళ్ళూ పందొమ్మిదో శతాబ్దంలో తెలుగు జిల్లాల్లో కాగితం మీద కనబడతాయి.

మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని బడుల లెక్క తెమ్మని కలెక్టర్లకు ఉత్తరువిచ్చాడు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు అందులో పేరుమోసింది. అప్పటి బళ్ళారి జిల్లాలో తెలుగూ కన్నడమూ రెండూ ఉన్నాయి. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడుల్లో 226 తెలుగువి. ఆ వీధిబడుల్లో రోజు ఎలా గడిచేదో కూడా ఆయన రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. చదవని పిల్లవాణ్ణి కొడతారు. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీస్తారు. లేదా కూచుని లేస్తూ ఉండమంటారు. మన పెద్దవాళ్ళు 'కోదండం' అన్నదీ, మనం ఇప్పటికీ 'గుంజీలు' అంటున్నదీ ఇవే. గుంజీలు బాధాకరమైనా బహుశా ఒంటికి మంచి చేసే శిక్షేనని ఆ దొర ఒక మాట కూడా కలిపాడు.

ఈ నివేదికలన్నిటినీ ధర్మపాల్ 1983లో పుస్తకంగా తెచ్చాడు. అప్పట్నుంచి ఇంగ్లీషువాళ్ళు రాకముందు మన దేశంలో చదువు ఎంత విస్తారంగా ఉండేదో చూడండి, శూద్రులు కూడా ఎందరు చదివారో చూడండి అని ఈ లెక్కలు చూపించేవాళ్ళు చాలామంది తయారయ్యారు. ఆ లెక్కల పట్టికలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ఇతర కులాలు, ముసల్మానులు అనే గడులున్నాయి. మాల మాదిగల గడి లేదు. వీధిబడి అంటే ఊళ్ళో ఒకరి ఇంటి అరుగు. ఆ వీధిలో నడవడానికే చెప్పులు విప్పి చేత పట్టుకోవలసినవాళ్ళ పిల్లలు ఆ అరుగు ఎలా ఎక్కుతారు? కోదండం వేయించుకోవాలన్నా ముందు అరుగు ఎక్కనివ్వాలి.

మరి మన ఒళ్ళు ఆ రోజుల్లో ఏ కాగితంలో ఉంది? 1816 నాటి మద్రాసు పదకొండో రెగ్యులేషన్‌లో ఉంది. గ్రామ మునసబులకు చిన్నచిన్న నేరాలు విచారించే అధికారం ఇచ్చిన చట్టమది. తిట్టుకోవడం, కొట్టుకోవడం, చిల్లర దొంగతనం వంటివాటికి మునసబు పన్నెండు గంటల దాకా నిర్బంధంలో ఉంచవచ్చు. అయితే నేరం చేసినవాడు తక్కువ కులంవాడై, అంత నీచమైన శిక్ష వేసినా అనుచితం కాదనిపిస్తే, ఆరు గంటల దాకా బొండకొయ్యలో కాళ్ళు బిగించవచ్చు. చట్టం ఆ మాట దాచుకోకుండా రాసింది. ఒకే ఊళ్ళో, ఒకే తప్పుకు, ఒకడి ఒంటికి గౌరవం ఉంది కాబట్టి గది, ఇంకొకడి ఒంటికి గౌరవం లేదు కాబట్టి కొయ్య.

ఏడేళ్ళ తేడాతో పుట్టిన ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. అరుగు మీద సవర్ణుల పిల్లవాడికి కోదండం. చావడి ముందు వాడవాడికి బొండకొయ్య. రెండూ హింసే. మొదటిది భరించినవాడు చదువు నేర్చుకుని కరణం అవుతాడు. రెండోది భరించినవాడు ఇంటికి వెళ్ళి మర్నాడు మళ్ళీ అదే ఊరికి వెట్టికి వస్తాడు. తెలుగువాళ్ళ ఆత్మకథల్లో వీధిబడి పంతులు దెబ్బల గురించి ముచ్చటగా చెప్పుకున్నది మొదటిరకంవాళ్ళు. ఆ దెబ్బ చివర వాళ్ళకు ఒక ఉద్యోగం ఉంది, ఒక గౌరవం ఉంది. అందుకే తలుచుకుంటే నవ్వొస్తుంది. బొండకొయ్యను తలుచుకుని నవ్విన ఆత్మకథ మాకు కనబడలేదు.

తలుపు తెరిచాక

మన పిల్లలకు బడి తలుపు ఒక్కరోజులో తెరుచుకోలేదు. 1856 జూన్‌లో బొంబాయి రాజధానిలోని ధార్వాడలో ఒక మహర్ కుర్రవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. న్యాయంగా చూస్తే అతని మాట సరైనదేనని ప్రభుత్వం ఒప్పుకుంది. కానీ ఒక్కడి కోసం అతన్ని బలవంతంగా చేరిస్తే మిగతా జనానికి ఆ బడి పనికిరాకుండా పోతుందని చెప్పి చేర్చుకోలేదు. కొట్టినవాడు లేడు, తిట్టినవాడు లేడు. చదువు మాత్రం అందలేదు. అంబేడ్కర్ 1928లో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన పత్రంలో ఈ ఉదంతాన్ని పైకి తీసి పెట్టాడు.

1882లో హంటర్ కమిషన్ వచ్చింది. కులం కారణంగా ఎవరినీ సర్కారు బడిలోకి రానివ్వకుండా ఉండరాదన్న సూత్రాన్ని ఒప్పుకుంటూనే, జాగ్రత్తగా అమలు చెయ్యాలనీ, వేరే బడులు పెట్టొచ్చనీ చెప్పింది. ఆ కమిషన్‌కు జోతిరావు ఫూలే ఇచ్చిన వాఙ్మూలంలో ఒక మాట ఈ వ్యాసానికి చాలా ముఖ్యం. పల్లె బడుల పంతుళ్ళు రైతు కులాల నుంచి రావాలని ఆయన అడిగాడు. నాగలి పట్టడానికి సిగ్గుపడనివాళ్ళు, పిల్లలతో కలిసిపోయేవాళ్ళు కావాలన్నాడు. బడిలో ఏం చెప్పాలన్న దానికంటే ముందు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వేశాడు. ఆయనా సావిత్రీబాయీ పూనాలో నడిపిన బడిలో చదివిన ముక్తాబాయి అనే మాంగు బాలిక 1855లోనే తన జాతివాళ్ళ బాధల మీద వ్యాసం రాసి అచ్చులో చూసుకుంది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. తనను మనిషిగా చూసే పంతులు దగ్గర మన పిల్ల ఏం చెయ్యగలదో చెప్పడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కరలేదు.

మద్రాసు ప్రభుత్వం 1893లో పంచముల చదువు గురించి ఉత్తరువులిచ్చింది. బడులకు పోరంబోకు భూమి, ఎక్కువ గ్రాంటు, పంతుళ్ళ శిక్షణకు వేతనాలు అందులో ఉన్నాయి. అంతకుముందే తెలుగు జిల్లాల్లో మిషనరీల బడులు వాడల్లోకి వచ్చి ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఆ పని భాగ్యరెడ్డివర్మ నెత్తికెత్తుకున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టినవాడు, 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించినవాడు, హైదరాబాదు వాడల్లో మన పిల్లల కోసం ఒకటి తర్వాత ఒకటి బడులు తెరిచాడు. 1930ల నాటికి అవి ఇరవైకి పైగా పెరిగాయి, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. ఈ బడుల చరిత్రను ఎవరో దయతో ఇచ్చిన దానంగా చెప్పడం కుదరదు. కూలి డబ్బుల్లోంచి చందాలేసుకుని మనవాళ్ళు తెచ్చుకున్నది ఇది.

తాకని చెయ్యి

తలుపు తెరిచాక లోపల ఏం జరిగింది? బెత్తం కంటే ముందు దూరం ఎదురైంది. సతారా బడిలో చదివేటప్పుడు అంబేడ్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దానిమీద విడిగా కూచోవలసి వచ్చింది. సాయంత్రం ఆ పట్టా మళ్ళీ ఇంటికి తీసుకుపోవాలి, ఎందుకంటే బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు. దాహమేస్తే కుళాయి తాను తిప్పుకోరాదు. ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్ళు లేవు. ఇవన్నీ ఆయన స్వయంగా రాసిపెట్టిన సంగతులే.

ఇది శరీర శిక్ష అవునా, కాదా? బెత్తం మీద జరిగే చర్చల్లో దీన్ని ఎవరూ శిక్షగా లెక్కవెయ్యరు. దీన్ని 'అంటరానితనం' అనే వేరే గదిలో పెడతారు. కానీ ఏ తప్పూ చెయ్యని పిల్లవాణ్ణి రోజంతా దాహంతో ఉంచడం ఒంటికి వేసిన శిక్ష కాకపోతే మరేమిటి? కోదండానికి ఒక తప్పు కావాలి, తప్పు దిద్దుకుంటే కిందికి దింపుతారు. గోనెపట్టాకు తప్పుతో పనిలేదు. దిద్దుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అది ముగిసేదీ లేదు.

వాడల్లో పెద్దవాళ్ళతో మాట్లాడినప్పుడు మేము తరచు విన్న మాట ఒకటుంది. "మమ్మల్ని పంతులు చేత్తో ముట్టుకునేవాడు కాదయ్యా. బరికె దూరం నుంచి విసిరేవాడు. అది మళ్ళీ మేమే తీసుకెళ్ళి కింద పెట్టాలి, చేతికి ఇయ్యకూడదు." పక్కవాడికి చెవి మెలేస్తే మనవాడికి బరికె విసురు. తొడపాశం పెట్టడానికి కూడా తాకాలి కదా. దెబ్బలో కూడా అంటు చూసుకున్నారు.

తర్వాత్తర్వాత, ముఖ్యంగా 1950లో రాజ్యాంగం, 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చాక, బడుల్లో పైకి కనబడే దూరం తగ్గుతూ వచ్చింది. దూరం తగ్గిన చోట బెత్తం దగ్గరికొచ్చింది. ఇక్కడ క్యాంప్‌బెల్ రాసిన ఆ పొద్దుటి లెక్కను మళ్ళీ గుర్తు చేసుకోవాలి. ముందొచ్చినవాడికి సరస్వతి, ఆలస్యంగా వచ్చినవాడికి దెబ్బలు. ఎవరు ఆలస్యంగా వస్తారు? దొర కొట్టంలో పేడ తీసి వచ్చేవాడు. అమ్మ నాట్లకు పోతే చంటిపిల్లను ఎత్తుకుని ఉండే ఆడపిల్ల. ఊరి బావి కాదని దూరం నుంచి నీళ్ళు మోసేవాళ్ళు. పుస్తకం కొననివాడెవడు, ఫీజు కట్టనివాడెవడు, చొక్కా చినిగినవాడెవడు, ఇంట్లో దీపం లేక లెక్కలు చెయ్యనివాడెవడు? పైకి నియమం అందరికీ ఒకటే. ఆ నియమం తప్పించే బతుకు మాత్రం కొందరిదే. అందుకని పంతులు మనసులో కులం లేని బడిలో కూడా బెత్తం వాడ పిల్లవాడి మీదే ఎక్కువ పడుతుంది. మనసులో కులం ఉంటే చెప్పేదేముంది. "మీకెందుకురా చదువు, గొడ్లు కాసుకోక" అనే మాట దెబ్బతో పాటు పడుతుంది. ఆ మాట పడ్డచోట బెత్తం పాఠం కోసం లేచింది కాదు. గౌతముడి సూత్రం కోసం లేచింది.

ఇంకొకటి కూడా ఉంది. బడి ఊడవడం, నీళ్ళు చల్లడం, పాయిఖానా కడగడం. తప్పు చేస్తే శిక్షగా చేయించేవీ ఇవే, తప్పు చెయ్యకపోయినా మన పిల్లల చేత చేయించేవీ ఇవే. తాత ముత్తాతలకు ఊరు అంటగట్టిన పనినే బడి మనవడికి శిక్షగా ఇస్తే, వాడు బడి నుంచి ఏం నేర్చుకున్నట్టు?

మన అమ్మానాన్నల మాట

ఇక్కడ మనల్ని మనం కూడా ఒక ప్రశ్న అడగాలి. బెత్తాన్ని మనవాళ్ళు కూడా సమర్థించారు కదా? "సారూ, కళ్ళు రెండూ వదిలిపెట్టి తోలు ఒలిచెయ్యండి, వాడికి నాలుగక్షరాలు రావాలి" అని కొడుకు చెయ్యి పట్టుకుని బడిలో దిగబెట్టిన తండ్రి వాడల్లో కొత్తవాడు కాదు. మాలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. ఈ మాట వినే పెరిగాం. ఈ మాట పట్టుకుని, పేదవాళ్ళే దెబ్బలు కోరుకుంటున్నారు, హక్కుల గొడవ పట్నంవాళ్ళది అనే పండితులున్నారు.

ఆ తండ్రి ఎవరి ముందు నిలబడి ఆ మాట అన్నాడో చూడాలి. పాలేరుతనంలో చెర్నాకోల తిన్న ఒళ్ళు అతనిది. దొర ముందు ఎదురు చెబితే బతుకుతెరువు పోతుందని తెలిసినవాడు. నూరేళ్ళ తర్వాత దొరికిన బడి సీటు పంతులుకు కోపం వస్తే పోతుందని కూడా అతనికి తెలుసు. కొట్టండి గానీ వెళ్ళగొట్టకండి అన్నది అతని మాటకు అసలు అర్థం. ఒప్పుదల కంటే బేరం ఎక్కువ అందులో. పిల్లవాడి తోలు ఇచ్చి పిల్లవాడి చదువు కొంటున్నాడు. సవర్ణ తండ్రి ఈ బేరం ఆడనక్కరలేదు, అతని పిల్లవాడు తోలుతో సహా చదువుకుంటాడు.

దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం అనే మన ఉద్యోగస్థులకు కూడా ఒక మాట. మనతో పాటు ఆ దెబ్బలు తిని, మర్నాటి నుంచి బడికి రాకుండా పోయినవాళ్ళు ఏరి? బర్రెల వెనక పోయినవాళ్ళు, బీడీల ఖార్ఖానాకు పోయినవాళ్ళు, పెళ్ళై పోయిన ఆడపిల్లలు సభల్లో మాట్లాడరు. బాగుపడ్డవాడి నోటితోనే బెత్తం తన చరిత్ర చెప్పుకుంటోంది.

చట్టం ఏం చూసింది

1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి 88, 89 సెక్షన్లలో మంచి ఉద్దేశంతో, ఎదుటివారి మేలు కోసం చేసిన పని నేరం కాదన్న రక్షణ పెట్టింది. 89వ సెక్షన్ పన్నెండేళ్ళ లోపు పిల్లల గురించి. అదే 1860లో ఇంగ్లండులో హాప్లీ అనే బడి యజమాని దెబ్బలకు ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆ కేసులో అక్కడి కోర్టు, తండ్రికీ తండ్రి స్థానంలో ఉన్న గురువుకూ మితంగా, సమంజసంగా కొట్టే హక్కు ఉందని చెబుతూనే, ఇది ఆ మితి దాటిందని శిక్ష వేసింది. మన కోర్టులు కూడా చాలాకాలం ఈ 'తండ్రి స్థానం' మాటే పట్టుకుని పంతుళ్ళను వదిలేశాయి. ఆ మాట మన వాడల్లో ఎలా అతుకుతుంది? ముట్టుకుంటే స్నానం చేసే తండ్రి ఉంటాడా?

కోర్టులు నేరస్తులకు కొరడా దెబ్బలు శిక్షగా వేసే 1864 నాటి పద్ధతిని మన పార్లమెంటు 1955లో రద్దు చేసింది. బడి పిల్లల వంతు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1986 జాతీయ విద్యావిధానం శరీర శిక్షలు ఉండకూడదని రాసింది. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడి నియమావళిలో శరీర శిక్షను అనుమతించే నియమాలను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జీవో 16 ద్వారా 1966 నాటి విద్యా నియమావళిలో 122వ నియమాన్ని మార్చి శరీర శిక్షను నిషేధించింది. నేరస్తుడి వీపు మీద కొరడా పోయిన నలభై ఏడేళ్ళకు మన రాష్ట్రంలో పిల్లవాడి అరచేతి మీద బెత్తం కాగితంలో పోయింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతటికీ శరీర శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 జులైలో శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, ఆ పాత రక్షణలు 26, 27 సెక్షన్లుగా అట్లాగే ఉన్నాయి.

నిషేధం రాసినంత మాత్రాన దెబ్బ ఆగదని తెలిసిందే. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో పదమూడు రాష్ట్రాల్లో చేయించిన సర్వేలో బడికి పోయే పిల్లల్లో 65 శాతం శరీర శిక్షలు అనుభవించామన్నారు. ఆ పదమూడులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కానీ మా అభ్యంతరం అమలు గురించి మాత్రమే కాదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టినవాడి మీద తీసుకునేది సర్వీసు నియమాల కింద క్రమశిక్షణ చర్య. అంటే అది ఉద్యోగికీ శాఖకూ మధ్య వ్యవహారం. ఆ ఫైలులో ఎవడు ఎన్ని దెబ్బలు కొట్టాడన్నది ఉంటుంది. ఎవరిని, ఏ మాట అంటూ, అన్నది ఉండదు. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు శరీర శిక్ష, మానసిక వేధింపు, వివక్ష అని మూడింటినీ కలిపి చెప్పాయి. విడిగా కూచోబెట్టడం, కులాన్ని బట్టి పనులు చెప్పడం వంటివి కూడా శిక్షల్లోనే చేర్చాయి. గోనెపట్టా కూడా శిక్షే అని ఒక ప్రభుత్వ పత్రం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ అవి మార్గదర్శకాలు.

కుండ ఉందా, లేదా

1995లో తమిళనాడు సేలం జిల్లాలో ఒక దళిత బాలిక బడిలో సవర్ణ పిల్లల కుండలో నీళ్ళు తాగిందని పంతులు కొట్టిన దెబ్బకు కంటిచూపు పోయింది. 2022లో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ళ దళిత బాలుడు పంతులు కొట్టిన తర్వాత జబ్బుపడి ఆగస్టు 13న చనిపోయాడు. కుండ ముట్టుకున్నాడనే కొట్టారని కుటుంబం చెప్పింది. ఆ బడిలో అసలు కుండే లేదని మరికొందరు చెప్పారు. దేశమంతా కుండ ఉందా లేదా అని వాదించుకుంది. కుండ ఉంటే అది కులం కేసు. కుండ లేకపోతే మామూలు బడి దెబ్బ. ఆ నెల తర్వాత సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఔరయ్యా జిల్లాలో పరీక్షలో ఒక మాట తప్పు రాశాడని పంతులు కొట్టాడన్న పదిహేనేళ్ళ దళిత బాలుడు చనిపోయాడు. అక్కడ కుండ ప్రశ్నే లేదు, తప్పు రాసిన కాగితం ఉంది. మరి ఆ దెబ్బ ఏ గడిలోకి వస్తుంది?

మన చర్చ చిక్కుకుపోయింది ఇక్కడే. రెండు చట్టాలున్నాయి. ఒకటి దెబ్బను చూస్తుంది, కులాన్ని చూడదు. అత్యాచారాల నిరోధక చట్టం కులాన్ని చూస్తుంది, దానికి కుండలాంటి సాక్ష్యం చూపించమంటారు. మన పిల్లవాడి మీద పడే దెబ్బ ఎక్కువసార్లు ఈ రెంటి మధ్యలో పడుతుంది. ఆలస్యం, పుస్తకం, స్పెల్లింగు, అల్లరి అనే పేర్లతో పడుతుంది. చరిత్ర చూసినవాళ్ళకు ఇందులో వింత లేదు. కోదండమూ బొండకొయ్యా కలిసిపోయిన బెత్తం ఇది. ఇందులో ఏ భాగం ఎంత అని దెబ్బ తిన్న పిల్లవాడు రుజువు చెయ్యాలనడం అన్యాయం.

2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు, పిల్లల్ని కొట్టలేక, వాళ్ళ ముందు తానే గుంజీలు తీశాడు. దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. కొట్టడం కంటే అది మంచిదే, మేము కాదనం. రెండు వందల ఏళ్ళ కిందట క్యాంప్‌బెల్ చూసిన ఆ గుంజీలే ఇప్పుడు పంతులు ఒంటి మీదికి వచ్చాయి. అయినా చర్చ మళ్ళీ పాత చోటే ఆగింది. బెత్తం లేకపోతే క్రమశిక్షణ ఎలా అన్నారు. పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారు, వెనకబడ్డది ఏ పిల్లలు అని అడిగినవాళ్ళు తక్కువ.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. బడిలో కొట్టిన ప్రతి ఫిర్యాదులోనూ పిల్లవాడి కులం, కొట్టినవాడి కులం, అన్న మాట నమోదు చెయ్యాలి. బడి ఊడ్చేది, మరుగుదొడ్డి కడిగేది ఎవరి పిల్లలో తనిఖీ చేసేవాళ్ళు రాసుకోవాలి. బాలల హక్కుల కమిషన్ చెప్పిన 'వివక్ష' అనే మాటకు చట్టబలం ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతికమంది తల్లిదండ్రులు ఉండాలి, అణగారిన వర్గాలకు వాళ్ళ దామాషాలో చోటుండాలి, సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీలో మన తల్లులు సంతకాలకే పరిమితం కాకుండా ప్రశ్నలు అడిగే పరిస్థితి రావాలి. ఫూలే 1882లో అడిగినట్టు, వాడను ఎరిగిన పంతుళ్ళు బడుల్లో ఉండాలి. అట్లా వచ్చిన మన పంతుళ్ళు కూడా తాము తిన్న దెబ్బను ఆనవాయితీగా పిల్లలకు అందించకూడదు.

కళ్ళు వదిలిపెట్టి తోలు ఒలవండి అన్న తండ్రి మనవరాళ్ళు, మనవళ్ళు ఇప్పుడు బడుల్లో ఉన్నారు. వాళ్ళ చదువుకు ఎవరూ తోలు ఖరీదుగా కట్టనక్కరలేదు. ఆ మాట ఇప్పుడు తల్లిదండ్రులుగా మనం పంతులు ముందు నిలబడి చెప్పాలి.